నీళ్లొదిలిన సలాడు

ఫ్రెంచివాళ్ల టమాటా సలాడుకి పొయ్యి వెలిగించక్కర్లేదు. టమాటాలు, ఓ చిన్న ఉల్లిపాయ, నూనె, వెనిగరు, కాస్త ఆవముద్ద, ఉప్పు, మిరియాల పొడి. అంతే. కొంప ముంచేది ఆ ‘అంతే’నే. పులిహోర కలపాలంటే చింతపండు ఎంత నానబెట్టాలో ముగ్గురిని అడిగితే గానీ మొదలుపెట్టని మనిషి, ఈ సలాడు దగ్గరికొచ్చేసరికి ఎవర్నీ అడక్కుండా కత్తి పుచ్చుకుంటాడు.

ఫ్రాన్సులోని లియోన్‌లో చదువుకుంటున్న తెలుగు కుర్రాడొకణ్ణి ఊహించుకోండి. ఆగస్టు నెల, ఆదివారం. ఒంటిగంటకి ఇద్దరు ఫ్రెంచి స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. అక్కడ అన్నీ ఒకేసారి విస్తట్లో పడవు. ముందు ఒక చిన్న వంటకం, అది ఖాళీ అయ్యాక అసలుది. ముందుదానికి టమాటా సలాడు, అసలుదానికి కోడి పలావు అని లెక్క వేసుకున్నాడు. పలావు గురించి మూడు రోజులు మథనపడ్డాడు. సలాడుని మాత్రం పదకొండున్నరకే కోసి, ఉప్పు చల్లి, నూనే వెనిగరూ గుమ్మరించి, మూత పెట్టి, ‘హమ్మయ్య, ఒక పనైపోయింది’ అనుకున్నాడు.

ఒంటిగంటకి మూత తీస్తే గిన్నెలో చారు ఉంది. పైన నూనె బొట్లు బొట్లుగా తేలుతోంది. అడుగున ముక్కలు, పుష్కరాల రేవులో మునక వేసి ఇంకా పైకి రానివాళ్లలా ఉన్నాయి.

ఇందులో వింతేమీ లేదు. టమాటాలో నూటికి 94 పాళ్ల దాకా నీళ్లే. కోసిన ముక్క మీద ఉప్పు పడితే లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. మామిడి ముక్కలకి ఉప్పు పట్టించి మూడో రోజున ఊట పిండి మాగాయ పెట్టే ఇంట్లో పుట్టినవాడు ఈ సంగతి మరిచిపోవడమే వింత. మామిడికాయకి మూడు రోజులు కావాలి, టమాటాకి పావుగంట చాలు. కాబట్టి ఉప్పు వేయాల్సింది తినడానికి పది పదిహేను నిమిషాల ముందు. అప్పుడు వచ్చే నాలుగు చెంచాల రసం వెనిగరుతో కలిసి సలాడుకి అందం. గంటన్నర ముందు వేస్తే అది రసం కాదు, వరద.

ఇక ఆ టమాటాలు. కుర్రాడు వాటిని శుక్రవారమే కొని ఫ్రిజ్‌లో పెట్టాడు. సుమారు 12 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే టమాటాలో వాసన పుట్టడం మందగిస్తుంది. బయటికి తీసి ఎండలో కూర్చోబెట్టినా పోయిన వాసన పూర్తిగా తిరిగి రాదు. కూరలో అయితే అల్లం వెల్లుల్లి ఆ లోటు కప్పేస్తాయి. సలాడులో కప్పడానికి ఏముంది? పైగా కొన్నది సూపర్ మార్కెట్‌లో, ‘కర్ ద బఫ్’ అన్న పేరు చూసి. ఎద్దు గుండె అని అర్థం. అసలైన ఎద్దు గుండె నున్నగా, గుండె ఆకారంలో, లోపలంతా కండతో ఉంటుంది. ఆ పేరు తగిలించుకుని అల్మరాల్లో కనిపించేవి చాలావరకు గుమ్మడికాయలా గాడులు గాడులుగా ఉండి, కోస్తే లోపల డొల్ల. మోసం పైకే కనిపిస్తుంది, చూడటం తెలియాలంతే. జులై నుంచి సెప్టెంబరు దాకా సంతలో బండి మీద పెట్టి అమ్మేవాణ్ణి ‘ఇవాళ తినడానికి’ అని అడిగితే నొక్కి చూసి తనే ఏరి ఇస్తాడు.

వెనిగరు దగ్గర జరిగింది మరీ ఘోరం. వంటగదిలో ఉన్న ఒకే ఒక్క వెనిగరు సీసా లీటరుది, తెల్లగా, చవగ్గా ఉంది. అది కెటిల్ అడుగున పేరుకునే సున్నం వదిలించడానికి కొన్నది. ఆమ్లం 8 శాతం. సలాడులోకి వేసే వైన్ వెనిగరులో 6 లేక 7 శాతం ఉంటుంది, దానితోపాటు ద్రాక్ష తాలూకు రుచీ ఉంటుంది. అసలు ‘వెనిగరు’ అన్న మాటే ఫ్రెంచిలో ‘పులిసిన వైన్’ అని. తెల్లదానికి పులుపు తప్ప వేరే గుణం లేదు. దాన్ని అరగ్లాసు పోశాడు, నిమ్మకాయ పిండే చేత్తో.

లెక్క ఇలా ఉండాలి: ఒక చెంచా వెనిగరుకి మూడు చెంచాల నూనె. నలుగురికి 800 గ్రాముల టమాటాలు అనుకుంటే, పెద్ద చెంచాతో ఒకటి వెనిగరు, మూడు ఆలివ్ నూనె, చిన్న చెంచాతో ఒకటి ఆవముద్ద. వరస తప్పకూడదు. ముందు వెనిగరులో చిటికెడు ఉప్పు కరిగించాలి, ఎందుకంటే నూనెలో ఉప్పు ఏడాది తిప్పినా కరగదు. తరవాత ఆవముద్ద వేసి గిలక్కొట్టాలి. అప్పుడు నూనె సన్నటి ధారగా పోస్తూ తిప్పుతూనే ఉంటే చిక్కగా, మజ్జిగ రంగులోకి మారుతుంది. నూనెనీ వెనిగరునీ కలిపి ఉంచేది ఆ ఆవే. అది లేకపోతే రెండూ చెరో దారి పడతాయి, మన కుర్రాడి గిన్నెలోలాగా.

ఆవ అతను వేయలేదనుకుంటున్నారా? వేశాడు. అమ్మ ఊరి నుంచి కట్టిచ్చిన ఆవపిండి, ఆవకాయకి కొట్టించినది, నిండుగా రెండు చెంచాలు. ఆవ ఎక్కడైనా ఆవే కదా అన్నది అతని వాదన. కాదు మరి. పొడి ఆవపిండికి ఘాటు పుట్టాలంటే ముందు నీళ్లు తగలాలి. సరాసరి పులుపులో వేస్తే ఆ ఘాటు సరిగ్గా లేవదు, చేదూ పలుకూ మిగులుతాయి. డిజోన్ అనే ఫ్రెంచి ఊరి ఆవముద్దలో గింజల్ని నానబెట్టి మెత్తగా నూరేస్తారు. 1856లో డిజోన్‌లో ఝాఁ నెజోఁ అనే ఆయన వెనిగరుకి బదులు పచ్చి ద్రాక్షకాయల పులుపు వాడి ఆ రుచి తెచ్చాడని చెబుతారు. పచ్చికాయ పులుపూ, ఆవా! మనకి మామిడికాయ, వాళ్లకి ద్రాక్షకాయ, వియ్యం అందేలాగే ఉంది. ఇంతా చేసి 2021 నాటికి వాళ్ల ఆవాలు చాలావరకు కెనడావి. అక్కడ ఆ ఏడాది వానలు పడక పంట పోతే, మరుసటి ఏడాది ఫ్రాన్సులో అంగళ్ల అరలు ఖాళీ అయ్యాయి. మనకి ఉల్లిపాయలు దొరకని ఏడాది ఎలా ఉంటుందో అలాగే.

ఉల్లి సంగతికొస్తే, వాళ్లు వేసేది ఎషలోత్, మన సాంబారు ఉల్లిపాయకి దగ్గరి చుట్టం. ఒకటి చాలు. సన్నగా తరిగి, ఆ చెంచాడు వెనిగరులోనే పది నిమిషాలు ఉంచితే కంట నీళ్లు తెప్పించే గుణం తగ్గుతుంది. కుర్రాడు మిర్చి బజ్జీ పక్కకి తరిగినట్టు పెద్ద ఉల్లిపాయలు రెండు వేశాడు. కత్తి కూడా మొద్దుబారినదే. ముక్క తెగే ముందు నలిగి, గింజల చుట్టూ ఉండే జిగురంతా బల్ల మీదికి కారిపోయింది. రుచి ఎక్కువుండేది ఆ జిగురులోనే. బ్రెడ్డు కోసే రంపపు పళ్ల కత్తి అయితే తొక్కని ఇట్టే పట్టుకుంటుంది. అర సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, పళ్లెంలో పరిచి, మీద అర చిన్న చెంచా ఉప్పు, మిరియాల పొడి, కొత్తిమీరలాంటి పార్స్లీ ఆకు తరిగి చల్లి, వెనిగరు మిశ్రమం పోస్తే అయిపోయినట్టే. గరిటెతో కలపనక్కర్లేదు. ఆకుల సలాడుని బాగా తిరగెయ్యడాన్ని ఫ్రెంచివాళ్లు ‘సలాడుని అలసిపోయేట్టు చెయ్యడం’ అంటారు. ఆకులు ఓర్చుకుంటాయి. టమాటా అలిసిపోతే లేవదు.

స్నేహితులు వచ్చారు. మర్యాదస్తులు. మొదటి ముద్దకి ఒకడికి పొర పోయింది, రెండోవాడు నీళ్లు తాగి ‘ఘాటుగా ఉంది, భారతీయ పద్ధతా?’ అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని అవునని ఒప్పేసుకున్నాడు కుర్రాడు. అడుగున మిగిలిన రసాన్ని రొట్టె ముక్కతో తుడుచుకు తినడం అక్కడ ఇంట్లో తప్పు కాదు, అదో ముచ్చట. అయితే ఈ గిన్నెకి రొట్టె ముక్క కాదు, బగెత్ అనే పొడుగు రొట్టెలు బండిడు కావాలి.

వాళ్లు పలావు తిని వెళ్లాక అమ్మకి వీడియోలో చూపించాడు.

“ఏరా, చారు బాగా వచ్చినట్టుందే. తాలింపు పెట్టలేదేం?”

“చారు కాదమ్మా, సలాడు.”

“ఏదైతేనేం. రెండు ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేసి కాచు. అన్నంలోకి పనికొస్తుంది.”

“అమ్మా, ఇందులో వెనిగరుంది. అరగ్లాసు.”

అటువైపు కాసేపు మాట లేదు.

“అయితే చింతపండు వెయ్యకు.”