బోరు పైపు, బీ సైడు

నల్గొండ జిల్లా సంగీత ప్రియులకు ఒక శుభవార్త. మనం బోర్లలో దించే పైపుల పీవీసీ ఉంది చూశారూ, విదేశాల్లో ఆ జాతి సరుకుతోనే ఏడంగుళాల ప్లేట్లు అచ్చుపోసి, వాటి మీద సంగీతం ఎక్కించి అమ్ముతున్నారు. పైపులో నీళ్లు రాకపోతే మనం బోరు ఫెయిలయిందంటాం. ప్లేటులో పాట రాకపోతే వాళ్లు ప్రయోగాత్మక సంగీతం అంటారు.

ఈ జ్ఞానం నాకు మా మేనల్లుడి వల్ల కలిగింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. దసరాకు వస్తూ జమ్మి ఆకు మరిచాడు గానీ, వినైల్ సింగిల్, అంటే వైపుకో పాట పట్టే ఆ చిన్న ప్లేటు, మాత్రం చంకలో పెట్టుకొచ్చాడు. 200 కాపీలే వేశారట. అట్ట మీద పెన్సిలుతో 87 అని రాసి ఉంది. ప్లేటు ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువైందని గర్వంగా చెప్పాడు. "దీని వెనక ఏ కంపెనీ లేదు మామా, పూర్తిగా ఇండిపెండెంట్!" డిగ్రీ చేసి ఏ కంపెనీ పిలవని వాళ్లు మా ఇంట్లో ఇద్దరున్నారు. తెలియక ఇన్నాళ్లూ వాళ్లను నిరుద్యోగులంటున్నాం.

ప్లేటు వినాలంటే మిషన్ కావాలి. గడియారం సెంటర్ వెనక సందులో ఒకప్పుడు పెళ్లిళ్లకు మైక్ సెట్టు కట్టిన పెద్దాయన ఉంటే బతిమాలి తీసుకొచ్చాను. ఆయన మిషన్ కడ్డీ సన్నం, ఈ ప్లేటు నడుమ బొక్క పెద్దది. 1949లో ఆర్‌సీఏ విక్టర్ అనే అమెరికా కంపెనీ వాళ్లు నిమిషానికి 45 చుట్లు తిరిగే ప్లేటు తెచ్చినప్పటి నుంచీ ఆ బొక్క అంతేనట. అందులో బిగించే బిళ్ల మావాడు కొనలేదు. పెద్దాయన మా ఇంటి ముందు పడి ఉన్న తెగిన హవాయి చెప్పు తీసి, గుండ్రంగా కోసి, మధ్యలో మేకుతో పొడిచి, ప్లేటుకు దిగ్గొట్టాడు. ముల్లు ఆనించాడు.

గుంయ్‌మని మొదలైంది. అదే సాగింది.

"ఎర్తింగ్ సక్కగ లేదు సారు" అని పెద్దాయన లేచి వైర్లు బిగించాడు. గుంయ్ పోలేదు. ప్లగ్గు మార్చాడు. పోలేదు. "అది సంగీతం తాతా" అన్నాడు మావాడు. ఆయన వాడిని జాలిగా చూశాడు. చివర్లో ముల్లు ఒకే గీతలో ఇరుక్కుని, సెకనున్నర లోపే ఒక చుట్టు చొప్పున టక్, టక్ అని తిరగసాగింది. "ప్లేటు అరిగింది" అని ఆయన ముల్లు ఎత్తబోతే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. అది అరుగుడు కాదట, కావాలని అట్లా చెక్కిన గాడి అట. ఎత్తకపోతే సంక్రాంతిదాకా తిరుగుతుంది.

ఈ రంగంలో మన జిల్లా వెనకబడకూడదన్నది నా వినతి. బోరు బండి 600 అడుగులు దించినా దుమ్మే లేచే రాత్రిని రికార్డు చేద్దాం. ప్లేటుకు ఒక వైపు సుమారు ఐదు నిమిషాలే పడుతుంది కాబట్టి, ఎనిమిది గంటల డ్రిల్లింగ్‌కు 96 ప్లేట్లు. రైతు ఏడుపు రెండో వైపు, అంటే బీ సైడులో వేయొచ్చు.

ఇండిపెండెంట్ మాటకొస్తే పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు బొంగు, తీగలు. కంపెనీ లేదు, స్టూడియో లేదు. వాయించేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2022లో కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చేదాకా మనలో చాలామంది ఆ వాయిద్యం వైపు తిరిగి కూడా చూడలేదు. తప్పు కిన్నెరదే. బుర్ర మీద పెన్సిలుతో నంబరు వేసుకోవద్దూ?

పోతూ పోతూ పెద్దాయనకు రెండు వందలు ఇవ్వబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గుంయ్ పోలేదు గద సారు. పైసలెట్ల తీసుకుంట?"