పదో పిల్లాడు దొరకని బడి

ఒడిశా సరిహద్దులో తెలుగు చదువుకి గడ్డుకాలం వచ్చిందని పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా ఏ పెళ్లిపందిట్లో కూర్చున్నా వినబడుతోంది. ఇది వట్టి అపవాదు. సమస్య ఉందనాలంటే ముందు లెక్క ఉండాలి. లెక్క ప్రకారం చాలా బళ్లలో తెలుగు పిల్లలే లేరు. లేని పిల్లలకి తెలుగు మేస్టారెందుకు? ఇంత సులువైన తర్కం తలకెక్కక మనవాళ్లు ఏటా కలెక్టరాఫీసుకి వినతిపత్రాలు మోస్తున్నారు.

ఆ లెక్క తెగేది అంకె దగ్గరే. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక సూత్రం కట్టారు. వేరే మాతృభాష పిల్లలు ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తం మీద 40 మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పడానికి కనీసం ఒక ఉపాధ్యాయుణ్ని వెయ్యాలి. 1956లో రాజ్యాంగ ఏడో సవరణతో 350ఎ అధికరణం వచ్చింది. భాషా మైనారిటీ పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా ప్రతి రాష్ట్రమూ ‘ప్రయత్నించాలి’ అంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా ఇంటిభాషలోనే చెప్పాలంటూ ముందు జాగ్రత్తగా ‘వీలైన చోటల్లా’ అని చేర్చింది. ప్రయత్నించామని రాసుకోవడానికి ఒక ఫైలు చాలు. వీలు కాలేదని రాయడానికి అదీ అక్కర్లేదు.

కనుక బడి పెద్దలు చూసుకోవలసింది ఒక్కటే, తెలుగు పిల్లలు తరగతిలో తొమ్మిది దగ్గర, బడి మొత్తం మీద ముప్ఫైతొమ్మిది దగ్గర ఆగాలి. దీనికి ఎవరూ కుట్ర పన్నక్కర్లేదు. అడ్మిషన్ ఫారంలో ‘మాతృభాష’ అని ఒక గడి ఉంటుంది. దేశంలోని బళ్ల లెక్కలన్నీ ఎక్కించే ప్రభుత్వ వెబ్‌సైటు యూడైస్ ప్లస్ పోర్టల్‌లో విద్యార్థి వివరాల దగ్గరా అదే గడి. పిల్లని చేర్పించడానికి వచ్చిన తల్లికి ఒడియా మాట వచ్చు, రాత రాదు. ఫారం నింపేది బల్లకి ఇవతలి మనిషి.

“ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా?”

“తెలుగే బాబూ. ఒడియా కూడా వచ్చు.”

“వచ్చు కదా!”

గడి నిండిపోయింది. ఆ మనిషిని తప్పుపట్టకూడదు. వెనక ఇంకా పాతికమంది నిలబడి ఉన్నారు. బడి మీడియం ఒడియా, పిల్ల మాతృభాష తెలుగు అని పంపితే బ్లాకు ఆఫీసు నుంచి ఎవరు ఫోను చేస్తారో, ఏమడుగుతారో. పైన వరసలన్నిట్లో ఒడియా అనే ఉన్నప్పుడు ఈ ఒక్క వరస ఎందుకు చెడగొట్టాలి? పైగా పిల్లలకి మంచిదే. ఒక్క సంతకంతో మాతృభాష వచ్చేస్తుంటే అమ్మ ఒడిలో నాలుగేళ్లు కష్టపడి నేర్చుకోవడం దేనికి?

పొరపాటున ఎవరో పట్టుబట్టి పదిమంది చేత తెలుగు అని రాయించారనుకోండి. అప్పుడు విద్యాహక్కు చట్టం ఆదుకుంటుంది. ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 అయితే ముగ్గురు. ఐదు తరగతులకి ఇద్దరున్న చోట ఒకరు తెలుగు మేస్టారైతే మిగతా పిల్లలకి ఒడియాలో చెప్పడానికి ఒకరే మిగులుతారు. ఇద్దరికీ పైన మూడో పోస్టు కావాలంటే 61వ పిల్లాడు కావాలి. ఆ 61వ పిల్లాడు ఈపాటికి టై కట్టుకుని ఇంగ్లిషు మీడియం వ్యాన్ ఎక్కేశాడు. తెలుగు మేస్టారు రిటైరైతే ఆ కుర్చీని అలాగే గౌరవంగా ఉంచుతారు, దుమ్ము కూడా దులపరు.

ఉన్న ఇద్దరూ పాఠమే చెప్తారా అంటే, చట్టంలో 27వ సెక్షన్ ఉంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకి టీచర్లని వాడకూడదు. ఓటర్ల జాబితా ఎన్నికల కిందికొస్తుంది, అది ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. ఇక జనగణనలోని సొగసు వేరు. అదే మేస్టారు వీధి వీధీ తిరిగి, గడప దగ్గర నిలబడి, మాతృభాష ఏమిటని అడిగి, తెలుగు అంటే తెలుగు అనే రాసుకుంటారు. మర్నాడు బడికొచ్చి అదే ఇంటి పిల్లాడి వరసలో ఒడియా అని చూసి పోర్టల్ మూసేస్తారు. రెండూ ప్రభుత్వ రికార్డులే, రెండూ సరైనవే. ఒకటి మనుషుల లెక్క, రెండోది పోస్టుల లెక్క.

బడిలో భాష అడగని పని మధ్యాహ్న భోజనం ఒక్కటే. ప్రైమరీ పిల్లాడికి 100 గ్రాముల బియ్యం, పై తరగతుల వాడికి 150. ఏ భాష వాడికైనా అంతే.

పేర్ల సంగతి మాత్రం కొంచెం తీరిగ్గా చెప్పుకోవాలి. గేదెల అప్పలనాయుడు అనే పిల్లాడు ఉన్నాడనుకుందాం. మన ఇళ్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఆధార్ కేంద్రంలో అది వెనక్కి పోయింది. జనన ధ్రువపత్రంలో కుదించుకుని ‘జి.’ అయింది. బడి రిజిస్టరు ఒడియా లిపిలో ఉంటుంది, ఆ లిపిలో హ్రస్వ ‘ఎ’కీ దీర్ఘ ‘ఏ’కీ వేర్వేరు గుర్తుల్లేవు, అందుచేత గేదెల కాస్తా గెదెల అయినా అడిగే దిక్కు లేదు. రిజిస్టరు చూసి ఇంగ్లిషులో ఎక్కించేటప్పుడు అప్పలలో ఒక ‘పి’ జారిపోయింది, నాయుడికి ముందు ఒక ఖాళీ వచ్చింది. ఇప్పుడు పోర్టల్ ఆధార్‌తో పోల్చి చూస్తుంది, పేరు, పుట్టిన తేదీ, లింగం. ‘సరిపోలలేదు’ అంటుంది. సరిపోలకపోతే విద్యార్థి గుర్తింపు సంఖ్య, అంటే 12 అంకెల అపార్ నంబరు, రాదు. అపార్ తప్పనిసరి కాదు, తల్లిదండ్రులు ఇష్టపడి సంతకం చేస్తేనే. కాకపోతే ఎంతమంది ఇష్టపడ్డారో సాయంత్రంలోగా శాతాల్లో పంపాలని హెడ్మాస్టరుకి వాట్సాప్ గ్రూపులో సందేశం వస్తుంది.

సరిచేద్దామంటే రెండు దార్లు. బడి రికార్డు మార్చాలి, లేదా ఆధార్ మార్చాలి. బడివాళ్లు ఆధార్ మార్పించుకురమ్మంటారు, ఆధార్ కేంద్రంవాళ్లు బడి కాగితం తెమ్మంటారు. ఆధార్‌లో పేరు జన్మకి రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఐదో ఏట, మళ్లీ పదిహేనో ఏట వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. ఆ పదిహేనో ఏడు సరిగ్గా పదో తరగతి పరీక్ష ఫారాల రోజుల్లోనే వస్తుంది. అందువల్ల ఇకమీదట బారసాలకి పురోహితుడితోపాటు డేటా ఎంట్రీ ఆపరేటర్ని కూడా పిలవడం మంచిది. జంట అక్షరాలు లేకుండా, ఎక్కడ విరగ్గొట్టాలన్న అనుమానం రాకుండా, ‘రాజు’, ‘రాణి’ లాంటి పేర్లు శ్రేయస్కరం. తాత పేరు పెట్టాలని ముచ్చటపడేవాళ్లు తాత ఇంగ్లిషు స్పెల్లింగు ఏమిటో ముందే తేల్చుకోవాలి.

ఇదే పర్లాకిమిడిలో ఉద్యోగం చేసిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజన పిల్లలకి సవర మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, బళ్లు పెట్టారు. పోర్టల్ లేని కాలం కాబట్టి సాగింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. ఉపన్యాసాలయ్యాక పిల్లలకి బిస్కెట్లు పంచుతాం, వాటి మీద రాసింది ఇంగ్లిషు.

ఇక కాలేజీ. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయి ఒడియా పాసై ఉండాలి. ఆంధ్రలో ఇంజినీరింగ్ సీట్లలో 85 శాతం స్థానికులవి. అర్హత పరీక్ష అయిన ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ వరసగా అక్కడే చదివి ఉంటే స్థానికుడు. మిగతా 15 శాతానికి కూడా పిల్లాడు గానీ తల్లిదండ్రుల్లో ఒకరు గానీ ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు చూపించాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు ప్రభుత్వోద్యోగి అయి ఉండాలి. మహేంద్రతనయ నదికి ఇవతల పుట్టినవాడికి అవతలి ఒడ్డున ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరమే, సీటు విషయంలో మాత్రం పరదేశం.

ఈ రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి చదివితే చక్కని దారి కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి దాకా ఇవతల ఒడియాలో చదివించాలి, ఏడో తరగతి ఒడియా చేతికొస్తుంది. తొమ్మిదిలో వంతెన దాటించి పాతపట్నంలో గది తీసుకోవాలి. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు కలిపి నాలుగేళ్లు పూర్తవుతాయి, స్థానికుడైపోతాడు. ఇందులో తెలుగు ఎక్కడా అవసరం పడదు. చిక్కల్లా కులధ్రువపత్రం దగ్గర. ఒడిశా తహసీల్దారు ఇచ్చింది ఆంధ్రలో రిజర్వేషన్‌కి చెల్లదు, అక్కడి తహసీల్దారు మీ తాతగారిది ఏ ఊరని అడుగుతాడు. తాతగారు పుట్టేనాటికి ఇది మద్రాసు ప్రెసిడెన్సీ అని చెప్పి చూడొచ్చు, దానికి కంప్యూటర్లో ఆప్షన్ ఉండదు. ఆధార్‌లో చిరునామా మాత్రం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, దానికి పరిమితి లేదు. సరిహద్దు వాళ్లని దృష్టిలో పెట్టుకునే ఆ వెసులుబాటు ఇచ్చి ఉంటారు.