జ్వరం తగ్గాక నొప్పులు: చెమటతో పోయే విషమేమీ లేదు

"వైరల్ జ్వరం తగ్గినా కీళ్లనొప్పులు, ఒళ్లునొప్పులు పోలేదంటే ఒంట్లో విషం ఉన్నట్టే. చెమటలు కారేలా వ్యాయామం చేసి దాన్ని బయటికి పంపాలి, నొప్పి పుట్టినా ఆపకూడదు. అంత ఓపిక లేకపోతే కీళ్లు అరగకుండా నెలరోజులు మంచం దిగొద్దు. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే, డబ్బు దండగ."

ఈ మెసేజ్ చాలా గ్రూపుల్లో తిరుగుతోంది. దీన్ని నమ్మి ఇంకా దెబ్బతిన్నవాళ్లను ఫిజియోథెరపిస్టుగా చూస్తున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు "విషం" సంగతి. వైరస్‌తో పోరాడటానికి శరీరం రగిల్చిన మంట, జ్వరం తగ్గిన రోజే చల్లారదు. కొందరిలో నరాలు కూడా కొంతకాలం అతిగా స్పందిస్తాయి. అప్పుడు మామూలు కదలిక కూడా నొప్పిలా తెలుస్తుంది. టాంజానియాలో 1952లో బయటపడిన చికున్‌గున్యానే చూడండి. ఆ పేరుకు అక్కడి మకొండే భాషలో ఒళ్లు వంగిపోవడమని అర్థం. దాని నొప్పులు కొందరిని నెలలు, ఏళ్లు కూడా వదలవు. చెమట పట్టేది ఒళ్లు చల్లబడటానికి. దానికీ ఈ నొప్పులు తగ్గడానికీ సంబంధం లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది "నొప్పి పుట్టినా ఆపకూడదు" అన్న మాట. కోవిడ్ లాంటి జబ్బుల తర్వాత కొందరికి శ్రమ పడదు. చేసిన రోజు బాగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులు గడిచాక నొప్పులు, నీరసం ఒక్కసారిగా మీద పడతాయి, వారాలు కూడా ఉండొచ్చు. పట్టుదలతో చేసేకొద్దీ ఇంకా దిగజారతారు. శ్రమ తర్వాత ఇలా కుప్పకూలే దీర్ఘకాలిక నీరసం జబ్బులో, వారం వారం లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పింది. అందుకే మొదట మరుసటి రోజు ఎలా ఉందో అడుగుతాం. బాగాలేని రోజున కూడా చేయగలిగినంత పనితో మొదలుపెడతాం. పని పని మధ్య విశ్రాంతి ఇస్తాం. మర్నాటికి నొప్పి పెరిగితే తగ్గిస్తాం. అలా కుప్పకూలనివాళ్లకు మాత్రం కండరాల బలానికి చేసే వ్యాయామాలు మెల్లగా పెంచుతాం.

అలాగని మంచం కూడా మందు కాదు. కీళ్లలో ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడే చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. నెలంతా పడుకుంటే కీలు బిగుసుకుపోతుంది, కండ కరిగిపోతుంది. వాచి వేడిగా ఉన్న కీలుకు గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి, బరువు మోపకుండా నెమ్మదిగా ఆడిస్తే చాలు. వాపు లేకుండా పొద్దున్నే పట్టేసిన వేళ్లకైతే గోరువెచ్చని నీళ్లలో గుప్పిట మూసి తెరవడం హాయిగా ఉంటుంది.

కరెంటు విషయానికొస్తే, చర్మం మీద నుంచి సన్నని కరెంటు పంపే టెన్స్ యంత్రం కొందరికి కాసేపు నొప్పి తగ్గిస్తుంది. ఆ కాసేపట్లో కదలగలగడమే దాని ఉపయోగం.

ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం, విశ్రాంతిలోనూ ఆయాసం, పాదాల నుంచి పైకి పాకే బలహీనత... వీటిలో ఏది ఉన్నా వ్యాయామం జోలికి పోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ మెసేజ్‌లో ఈ ఒక్క జాగ్రత్త కూడా లేదు.