గాంధీ గారికి పట్టిన మబ్బు

మా నాన్నగారు కాజీపేట రైల్వేలో పనిచేసి నాకు మిగిల్చిన ఆస్తులు రెండు: హనుమకొండలో ఇల్లు, ఒక పది రూపాయల నాణెం. ఇంటి గోడలు పెచ్చులూడుతున్నా నాకు నిద్ర పట్టేది. నాణెం దగ్గరే పట్టలేదు.

1969లో గాంధీ శతజయంతికి వేసిన వెండి నాణెం అది. బరువు 15 గ్రాములు, నూటికి 80 పాళ్లు వెండి. పైగా ప్రూఫ్ నాణెం. అంటే అచ్చునూ బిళ్లనూ ముందే మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు ముద్ర గుద్ది తీసినది. చుట్టూ ఖాళీ జాగా అద్దంలా మెరవాలి, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా ఉండాలి. మా నాణేనికి అద్దం మీద కూడా మంచు పట్టింది. అందులో ముఖం చూసుకుంటే నాకు శుక్లాలు వచ్చాయేమోనని అనుమానం కలిగేది. నాన్నగారు భద్రంగా దాచిన మెత్తటి ప్లాస్టిక్ సంచే ఏళ్ల తరబడి జిడ్డు కక్కి ఆ పని చేసింది. బీరువాలో పెట్టకుండా పూజగదిలో పడేసి ఉంటే ఇంతకన్నా బాగుండేది.

ఏం చేయాలి? వరంగల్ చౌరస్తా దగ్గర ఒక వెండి కొట్టులో చూపించాను. "ఇటివ్వండి సార్, రెండు నిమిషాల్లో తళతళలాడిస్తాను" అంటూ ఆయన కుంకుడు రసం గిన్నె, బ్రష్షు ముందుకు లాగాడు. బిడ్డను ఎత్తుకున్నట్టు నాణేన్ని ఎత్తుకుని వచ్చేశాను. ప్రూఫ్ నాణేన్ని ఒక్కసారి రుద్దితే ఆ అద్దం మళ్లీ రాదు.

అమెరికాలో, ఫ్లోరిడాలోని సారసోటాలో, నాణేలకు ఇలాంటి వైద్యం చేసే సంస్థ ఉంది. రానూపోనూ ఖర్చులు లెక్కవేస్తే ఆ డబ్బుతో మబ్బు లేని గాంధీ గారినే కొనుక్కోవచ్చనిపించింది. అయినా పరిరక్షణ అనే మాట వింటేనే మా ఊరివాళ్లకు కాస్త గుండె దడ. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని బాగుచేయడానికి 2006లో విప్పితే, మళ్లీ తెరిచింది 2024లో.

చివరికి కెమిస్ట్రీ చదువుతున్న మా మేనల్లుడు దారి చూపించాడు. "మామయ్యా, ప్లాస్టిక్ జిడ్డయితే అసలైన అసిటోన్‌లో నానబెడితే చాలు, వెండిని అదేమీ చేయదు. గోళ్ల రంగు తీసే సీసా మాత్రం వద్దు, అందులో నూనెలూ రంగులూ ఉంటాయి. కిటికీలు తెరవండి, స్టవ్ ఆర్పండి. రుద్దకండి. గాజు గిన్నె వాడండి."

అన్నీ పాటించాను, ఆఖరిది తప్ప. "తినే గిన్నెల్లో మందులు పోస్తారా?" అని మా ఆవిడ గాజు గిన్నె ఇవ్వలేదు. సత్యనారాయణ వ్రతం నాడు పాయసానికి తెచ్చి మిగిలిన థర్మోకోల్ గిన్నె చేతిలో పెట్టింది.

టేకు టేబుల్ మీద పేపరు పరిచాను. అంచులు మాత్రమే పట్టుకుని నాణేన్ని గిన్నెలో దించాను. అసిటోన్ పోశాను. గిన్నె బుస్సుమంది. నేను చూస్తుండగానే దాని అడుగు మాయమైంది, తర్వాత గోడలు కూర్చుండిపోయాయి. ఉడికీ ఉడకని సగ్గుబియ్యంలాంటి బంకలో గాంధీ గారు చెవుల దాకా మునిగారు. మిగిలిన అసిటోన్ పేపరు దాటి టేబుల్ పాలిష్‌లోకి దిగింది. పేపరు పీకితే రాశిఫలాలు సగం బల్లకే అంటుకుపోయాయి. నా రాశి దగ్గర 'వృథా వ్యయం' అని తిరగబడిన అక్షరాల్లో ఇప్పటికీ చదువుకోవచ్చు.

"ఏమండీ, ఆ వాసనేమిటి?"

"ఏమీ లేదు, నానుతోంది."

నాణేన్ని స్టీలు గ్లాసులోకి మార్చి ఇంకో సీసా ఖర్చుపెడితే బంక వదిలింది. దాంతోపాటు జిడ్డూ వదిలింది! 1869-1948 అన్న అంకెల పక్కన నా ముక్కు స్పష్టంగా కనిపించింది. ఒక మూల తెల్లటి మసక కొద్దిగా మిగిలింది గానీ, దాని జోలికి ఇక పోదలచుకోలేదు.

మసకంతా ఇప్పుడు టేబుల్‌కు పట్టింది. మర్నాడు వడ్రంగి వచ్చాడు. వంగి, పక్కనుంచి వెలుతురులో చూసి, "మచ్చ ఒక్కటీ దిద్దితే అతుకు తెలుస్తుంది సార్. మొత్తం గీకి పాలిష్ వేయాల్సిందే" అన్నాడు. ఎంతవుతుందని అడిగాను. సారసోటా లెక్కకు దగ్గరగానే ఉంది.

నేను ఆలోచిస్తుంటే ఆయన చూపు నాణెం మీద పడింది.

"వెండిదేనా సార్?" అంటూ చేతిలోకి తీసుకుని, వార్నిష్ అంటిన బొటనవేలితో గాంధీ గారి ముఖం మీద ఆప్యాయంగా నిమిరాడు.