జూనియర్‌కు జీతమేదీ?

లా చదివి బ్యాంకులోనో బీమా కంపెనీలోనో చేరినవారిని వృత్తి వదిలేసినవారిగా చూడటం న్యాయవాద వర్గంలో చాలామందికి అలవాటు. నిజానికి వారిలో ఎందరో ప్రాక్టీసును వాయిదా వేసుకున్నవారే. ఇంటి అద్దె వాయిదా పడదు మరి!

సీనియర్ న్యాయవాది దగ్గర చేరిన కొత్తలో జూనియర్‌కు పనికి లోటుండదు. ఫైళ్లు సర్దాలి, కోర్టులో వాయిదా అడగాలి, సాయంత్రం డ్రాఫ్టులు రాయాలి. నెల తిరిగేసరికి దారి ఖర్చులు గిట్టుబాటైతే అదృష్టమే. ‘పని నేర్పుతున్నాం, డబ్బు కూడానా’ అనే సీనియర్లకు కొదవ లేదు. పక్కన నిలబడి చూస్తే తప్ప ఈ విద్య అబ్బదన్నది ఒప్పుకోవలసిందే. కానీ ఆ జూనియర్ రాసిన డ్రాఫ్టుకే కదా క్లయింటు ఫీజు కడుతున్నది! తండ్రో తాతో ప్లీడరైతే ఈ కరవు కాలం ఎలాగో గడుస్తుంది. చదువుకు అప్పు చేసిన మొదటి తరం పట్టభద్రులకు గడవదు. జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం రూ.20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో రూ.15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని, న్యాయవాద వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో చెప్పింది. అది సూచన మాత్రమే, ఇవ్వకపోతే అడిగే నాథుడు లేడు. అదే ఏడాది జులైలో, న్యాయవాదిగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టం చెప్పిన రూ.750 దాటరాదని సుప్రీంకోర్టు కచ్చితంగా తేల్చింది. ఆ పట్టుదల స్టైపెండ్ దగ్గర కనిపించదు.

పోనీ ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేద్దామంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన అడ్డం. పూర్తికాలం జీతానికి పనిచేసేవారు వాదించకూడదు, సనద్ (ప్రాక్టీసు అనుమతి పత్రం) పక్కన పెట్టాల్సిందే. కక్షిదారుకు న్యాయవాది పూర్తిగా అందుబాటులో ఉండాలి గనుక దీన్ని మేం తప్పుపట్టడం లేదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేయడమూ సబబే. జడ్జిలకు సాయపడే లా క్లర్కుగా పనిచేసిన కాలాన్ని అందులో కలిపారు. బ్యాంకులో గడిపిన ఏళ్లు మాత్రం లెక్కలోకి రావు. ఆ మూడేళ్లూ జూనియర్ ఎలా బతకాలన్నది ఎవరూ తేల్చలేదు.

స్టైపెండ్‌ను సూచన స్థాయి నుంచి నిబంధనగా మార్చాలి. చిన్న ఊళ్లలో ప్రాక్టీసు అంతంతమాత్రంగా ఉన్న సీనియర్లపై మొత్తం భారం మోపలేం కాబట్టి, అక్కడ కొంత వాటా ప్రభుత్వాలు భరించాలి. ఉద్యోగం మానేసి తిరిగొచ్చేవారి సనద్‌ను ఎన్ని రోజుల్లో పునరుద్ధరిస్తారో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు గడువు ప్రకటించాలి.