ఆఫీసు మెయిల్లో ‘ఇంటిమేట్’ రాస్తే పరువు పోదు

‘ప్లీజ్ ఇంటిమేట్ అని రాసి నవ్వులపాలు కాకండి’ అనే పోస్టు వాట్సాప్‌లో చక్కర్లు కొడుతోంది. ఆ మాటకు సన్నిహితం అనే అర్థం తప్ప మరొకటి లేదట. ‘తెలియజేయడం’ మన గుమాస్తాల కల్పనట. బదులుగా అదే అర్థమున్న ‘అప్రైజ్’ (apprise) రాస్తే హుందాగా ఉంటుందట.

మరో అర్థమే లేదన్న మాటకు ఏ డిక్షనరీ తెరిచినా జవాబు దొరుకుతుంది. ‘సన్నిహితమైన’ అనే విశేషణమూ ఉంది, ‘తెలియజేయడం’ అనే క్రియా ఉంది. స్పెల్లింగ్ ఒకటే, పలకడమే వేరు: విశేషణంలో చివరి అక్షరం తేలిపోతుంది, క్రియలో ‘మేట్’ అని నిండుగా వినిపిస్తుంది.

కల్పన అన్నారు చూశారా, అది మరీ అన్యాయం. లాటిన్‌లో ‘ఇంటిమారే’ అంటే ప్రకటించడం, తెలియజేయడం. ఇంగ్లిష్‌లో ఈ క్రియ 16వ శతాబ్దంలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో, ఇక మన గుమాస్తాలెక్కడ? స్కాట్లాండ్‌లో బాకీ వసూలు హక్కును వేరొకరికి బదలాయిస్తే, బాకీదారుకు ఇచ్చే నోటీసును చట్టం ‘ఇంటిమేషన్’ అంటుంది. అక్కడి చర్చిల్లో ఆదివారం చదివే ప్రకటనలనూ ‘ఇంటిమేషన్స్’ అనే అంటారు. మన ఆదాయపు పన్ను చట్టం కింద, రిటర్న్ ప్రాసెస్ అయ్యాక వచ్చే కాగితం పేరూ అదే. అందులో ఇంకా పన్ను కట్టాలన్న డిమాండ్ కనబడితే టెన్షన్ పడతాం గానీ, ఏదో సూచనలే అని వదిలేయం కదా!

ఆ మాట రాయొద్దన్న సలహాలో కొంత నిజం లేకపోలేదు. లండన్, న్యూయార్క్ వాళ్లకు ఈ క్రియ వినగానే ‘సూచనప్రాయంగా చెప్పడం’ అనే అర్థమే ముందు తట్టవచ్చు. వాళ్లకు రాసేటప్పుడు ‘ఇన్‌ఫామ్’ మేలు. మనవాళ్లు నిజంగా తడబడేది వాక్యం కట్టడంలో. ‘ఇంటిమేట్ అస్’ అని క్రియ పక్కన మనిషిని పెట్టేస్తారు. అక్కడ ఉండాల్సింది విషయం: ‘ఇంటిమేట్ ద డేట్ టు అస్’. పోస్టులో దీని ఊసే లేదు.

‘అప్రైజ్’కి వరస తిరగబడుతుంది. ముందు మనిషి, తర్వాత ‘ఆఫ్’, ఆపైన విషయం. పైగా దీన్ని విలువ కట్టడమనే ‘అప్రెయిజ్’ (appraise)తో చాలామంది కలిపేస్తారు. మన నోట రెండూ ఒకటే అయిపోయాయి. బ్యాంకులో గోల్డ్ లోనుకు నగలు పరీక్షించే ఆయన్నీ అప్రైజర్ అనే అంటాం. హుందాతనం కోసమని ఆ ఒక్క అక్షరం తేడాతో మేనేజరుకు ‘ఐ విల్ అప్రెయిజ్ యు’ అని మెయిల్ పెడితే, ఆయన పనికి మీరు మార్కులు వేస్తానన్నట్టే.