తుఫానులో మా వాటా ఏది?

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి శ్రీబాగ్ బంగళాలో కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. నదుల నీళ్ళ సంగతి రాశారు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం సంగతి రాశారు. రాజధాని కావాలో హైకోర్టు కావాలో సీమవాళ్ళే తేల్చుకోవచ్చన్నారు. తుఫానుల పంపకం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నవంబరు నెలలో, అదీ మద్రాసులో కూర్చున్నవాళ్ళకు తుఫాను గుర్తుకు రాలేదంటే నేను నమ్మను. మనవాళ్ళు అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు. అప్పటినుంచీ తుఫాను కోస్తావాళ్ళ పిత్రార్జితంగానే చలామణీ అవుతోంది.

మనవాళ్ళ అమాయకత్వానికి ఇంకో రుజువు కావాలంటే 1953 చూడండి. అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. కర్నూలు రాజధాని అయింది. ఉన్న కట్టడాలు చాలక ఆఫీసులను గుడారాల్లో పెట్టారు. అక్టోబరు నెలలో గుడారాలు! బందరు మనిషిని ఒక్కడిని పిలిచి అడిగినా, ఫైళ్ళ సంగతి తర్వాత, ముందు మేకులు ఎంత లోతు దిగాయో చూపించమనేవాడు.

ఈ అన్యాయాన్ని నాకు కళ్ళకు కట్టినట్టు చూపించినవాడు మా బామ్మర్ది. ఉరవకొండలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూడలేదు. ఉద్యోగం వచ్చి విశాఖపట్నం వెళ్ళాడు, ఇప్పుడు పూర్తిగా తీరవాసి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అక్కడే ఉన్నాడు. గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో కొట్టిందనీ, ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయిందనీ, తమ వీధిలో ఒక్క చెట్టూ నిలబడలేదనీ, కరెంటు లేక రోజుల తరబడి కొవ్వొత్తులతో గడిపామనీ చెబుతాడు. అంతా నిజమే. కానీ ఏటికేడాది ఆ కథలో కొవ్వొత్తులు పెరుగుతున్నాయి. మా ఇంటికి వచ్చినప్పుడు ఫ్యాను కాస్త గట్టిగా తిరిగినా కిటికీ వైపు చూసి, "ఇదేం గాలి బావా" అంటాడు, పాత సైనికుడు దీపావళి టపాకాయలు చూసి నవ్వినట్టు.

ఆయన భాష కూడా మారిపోయింది. మామూలు మనుషులు వాన వస్తుందా అని అడుగుతారు. ఆయన ఎన్నో నంబరు ఎగరేశారని అడుగుతాడు. ఓడరేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా హెచ్చరికలు ఉంటాయట. మూడో నంబరుకు చేపలు కొని ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, ఏడో నంబరుకు బండి లోపల పెట్టుకోవాలి, పదో నంబరు పడితే దేవుణ్ణి తలుచుకోవాలి. మరి పదకొండు? "అప్పుడు హెచ్చరిక చెప్పే ఆఫీసుతోనే సంబంధాలు తెగిపోయినట్టు బావా" అన్నాడు గర్వంగా. మా అనంతపురంలో సంబంధాలు తెగిపోవడానికి ఇన్ని నంబర్లు అక్కర్లేదు, నాలుగు చినుకులు పడితే సెల్ టవరే ఆ పని చూసుకుంటుంది.

ఇక పేర్ల దగ్గరికి రండి. తుఫానుకు పేరు పెట్టడానికి పదమూడు దేశాలు కూర్చున్నాయి. 2020లో 169 పేర్లతో జాబితా కూడా ఇచ్చేశాయి. హుద్‌హుద్ అంతకుముందటి జాబితాలో ఒమన్ వాళ్ళు ఇచ్చిన పిట్ట పేరు. 2025లో వచ్చిన మొంథా థాయ్‌లాండ్ వాళ్ళు ఇచ్చిన పువ్వు పేరు. ఇల్లు పీకే గాలికి పువ్వు పేరేమిటని అడక్కండి, మనింట్లో కూడా అల్లరి పిల్లాడికే శాంతారామ్ అని పెడతాం. అసలు కిటుకు వేరే ఉంది. గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే నామకరణం. అంతకు తక్కువైతే వాయుగుండం, ఇంకా తక్కువైతే అల్పపీడనం. వాటికి బారసాల లేదు. సీమకు వచ్చేవన్నీ ఈ పేరులేని బాపతే.

ఎందుకంటే తుఫాను మా దగ్గరికి సర్వీసులో ఉండగా రాదు. సముద్రంలో పుట్టి, తీరంలో దర్జాగా ఉద్యోగం చేసి, కొబ్బరిచెట్లు విరిచి, టీవీలో కనబడి, ఆ తర్వాత "బలహీనపడి" మా జిల్లాకు వస్తుంది. ఒకప్పుడు గిట్టని గుమస్తాను అనంతపురం బదిలీ చేసేవాళ్ళు కదా, అలాగన్నమాట. వచ్చిన గుమస్తా మూడు రోజులు మూలుగుతూ కూర్చుంటాడు. దాన్నే మేం "సైక్లోను పట్టింది" అంటాం. ఆకాశం బూడిద రంగులో ఉండి, ముసురు వదలకుండా, ఉతికిన బట్టలు మూడో రోజుకి వాసన వేస్తే, అది అరేబియాలో పుట్టినా అంతరిక్షంలో పుట్టినా మాకు సైక్లోనే. రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్లు పోతే గానీ సముద్రం కనబడని ఊళ్ళో, సముద్రం మీద ఇంతకంటే పరిశోధన ఎవరు చేస్తారు?

ఆ మూడు రోజులూ మా వీధి మొత్తం టీవీ ముందే. ఉప్పాడ రోడ్డు మీద అలలు కొడుతుంటే, మైకు పట్టుకున్న కుర్రాడు ఒంగిపోయి అరుస్తుంటే, ఉగ్గాని బజ్జీ తింటూ "పాపం, ఆ పిల్లోన్ని లోపలికి పిలవండప్పా" అంటూ ఉంటారు. మా పక్కింటాయన పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు గానీ, తుఫాను కన్ను ఎటు తిరుగుతుందో వేలితో గాలిలో గీసి చూపిస్తాడు. ఆయన లెక్క తప్పితే తప్పు సముద్రానిదే. పిల్లల బాధ ఇంకో రకం. కాకినాడ కలెక్టరు స్కూళ్ళకు సెలవిచ్చాడని స్క్రోలింగ్ వస్తుంది, మనకెందుకు ఇవ్వలేదని ఏడుపు. ఇది న్యాయమైన ప్రాంతీయ డిమాండే అని నేను లిఖితపూర్వకంగా సమర్థిస్తున్నాను.

ఆఖరికి కానుకల్లో కూడా వివక్షే. 2022 మే నెలలో అసని వచ్చింది. తీరానికి దగ్గరగా వచ్చి ఈశాన్యంగా తిరిగిపోతుందన్నారు. అది తిరగాల్సిన చోట తిరగకుండా మచిలీపట్నం, నర్సాపురం మధ్య ఒడ్డెక్కి కూర్చుంది. వస్తూ వస్తూ శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి ఒడ్డుకు బంగారు రంగు రథాన్ని ఒకటి తోసింది. ఏ దేశానిదోగానీ నిజంగా రథమే, ఊరంతా వెళ్ళి తాడు కట్టి లాగారు. మా ఇంటి ముందుకు అదే నెల వానలో కొట్టుకొచ్చింది ఎదురింటివాళ్ళ ఎడమ కాలి చెప్పు.

వెటకారం అలా ఉంచితే, సీమలో తుఫానంటే ఏమిటో తెలియాలంటే మా చిన్నాయన ఇంటికి పోవాలి. ఆయనకు ఎర్రనేలలో చెనక్కాయ, అంటే వేరుశనగ. కొడుకుది నల్లరేగడి, పప్పుశనగ వేస్తాడు. అక్టోబరులో ఆయన కాయ పీకి కట్టెతో సహా చేన్లో ఆరేసి ఉంటాడు, చినుకు పడితే బూజు. వీడు అదునుకోసం విత్తనం మూటలు సిద్ధం చేసుకుని ఉంటాడు, చినుకు పడకపోతే విత్తే దారి లేదు. ఇద్దరూ ఒకే కంచంలో కాకపోయినా ఒకే పొయ్యి మీద వండింది తింటారు. ఇద్దరి మధ్యా ఒకటే టార్పాలిన్ పట్ట. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడగానే ఆ పట్ట కోసం గొడవ మొదలవుతుంది. చెనక్కాయ వామి మీద కప్పాలని ఆయన, విత్తనాలూ ఎరువుల మూటల మీద కప్పాలని వీడు.

ఆయన రోజూ పొద్దున చేనుకు పోయి, ఒక కాయ తుంచి చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. లోపల గింజ గలగలమంటే ఆరినట్టు. ముసురు మూడో రోజు చేరేసరికి ఆ కాయ ఉలకదు, పలకదు. నాలుగో రోజు గోటితో ఒలిస్తే గింజ ముక్కు తెల్లగా పగిలి ఉంటుంది, మొలక. ఆ కాయను జేబులో వేసుకుని ఇంటికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద పెడతాడు. అదే గడప లోపల కొడుకు వాన ఆగకపోతే బాగుండని పంచాంగం చూస్తుంటాడు.

ఇద్దరూ పెన్నహోబిలం నరసింహస్వామికే మొక్కుకుంటారు. ఒకాయన వద్దని, ఒకాయన రమ్మని. స్వామి ఏం చేయగలడు? ఆయన తీర్పే కాబోలు, రేడియోలో "ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు" అని వస్తుంది. అంటే చెనక్కాయ కుళ్ళడానికి సరిపోయేంత, శనగ మొలవడానికి చాలనంత. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా ఇది. అందులో పావు వంతుకు పైగా ఈ అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే రావాలి. కాబట్టి కోస్తావాడు తుఫాను పోవాలని ఎదురు చూస్తే, మేం వస్తుందా రాదా, వస్తే ఎవరి చేలో పడుతుందని ఎదురు చూస్తాం. చెరువు నిండితే చాలు అనుకుంటాం. నిండాక కట్ట ఆగితే చాలు అనుకుంటాం.

ఆ కట్ట దగ్గరే మాకూ వాళ్ళకూ అసలు తేడా. కోస్తావాళ్ళ భయం ఎదురుగా కనబడుతుంది. దివిసీమలో 1977 నవంబరు 19న ఉప్పెన ఎంతమందిని మింగిందో తెలిసినవాళ్ళు, ఏడో నంబరు వినగానే షెల్టరుకు నడుస్తారు. 2013లో లెహర్ అంత వస్తుంది ఇంత వస్తుందని వేల మందిని తరలించారు, చివరికది వాయుగుండంగా చప్పబడి మచిలీపట్నం దగ్గర ఒడ్డు చేరింది. తిట్టుకున్నారు, ఇళ్ళకు పోయారు, మళ్ళీ పిలిస్తే మళ్ళీ కదిలారు. ఆ అలవాటు ఊరికే రాలేదు. మాకు నీళ్ళు వెనక నుంచి వస్తాయి. ఏ వంకో, ఏ చెరువో, ఏ డ్యామో. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ అనే పేరుగల ఒక కోడలు ప్రాణమిచ్చి నిలబెట్టిందని మా ఊరి కథ. ఇప్పటికీ మా విపత్తు ప్రణాళిక దాదాపు అదే, ముసలమ్మ మీద భారం.

కర్నూలును 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ముంచేసినప్పుడు, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, సముద్రంలో పేరున్న తుఫాను లేదు. గాంధీ జయంతి సెలవు కదా అని ఇంట్లో ఉన్నవాళ్ళు మేడలెక్కి కూర్చున్నారు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున వాయుగుండం ఒకటి చెన్నై దగ్గర తీరం దాటింది. అదే పొద్దున కడప జిల్లాలో పింఛా ప్రాజెక్టు మీద నుంచి వచ్చిన నీళ్ళకు చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి ఊళ్ళ మీద పడింది. కార్తీక పౌర్ణమి, గుడికి పోయినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు. దానికీ పేరు లేదు. అందుకే గుర్తు చేయాలంటే ఇంత పొడుగు వాక్యం రాయాల్సి వస్తోంది. పేరుంటే ఒక్క మాటతో సరిపోయేది.

మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటింది. టీవీలన్నీ కాకినాడలో గొడుగులు పట్టుకుని నిలబడితే, అది మర్నాడు సముద్రం వాసన కూడా ఎరగని వరంగల్, హనుమకొండ వీధుల్లో పడవలు తిప్పించింది. "తీరం దాటింది" అనే మాటను టీవీవాళ్ళు గండం గడిచిందన్నట్టు చదువుతారు. లోపలివాళ్ళకు అది బస్సు బయల్దేరిందన్న అనౌన్సుమెంటు.

కాబట్టి నా డిమాండు చిన్నది. శ్రీబాగ్‌కు ఒక అనుబంధం చేర్చాలి. సీమకు వచ్చే ప్రతి వాయుగుండానికీ ఒక పేరు ఇవ్వాలి. జాబితా మేమే ఇస్తాం, ఒమన్, థాయ్‌లాండ్‌లను ఇబ్బంది పెట్టం. ఎగరేయడానికి రేవు లేదు గనక నంబరు జెండాను మా ఊరి గడియారస్తంభం మీద కట్టుకుంటాం. పట్టలు మాత్రం ఇంటికి రెండు ఇవ్వాలి.

ఈ డిమాండు నాకు ఎప్పుడు పుట్టిందో కూడా చెప్పాలి. 2022 అక్టోబరులో ఒక రాత్రి అనంతపురంలో నడిమివంక పొంగింది. పడుకునేటప్పుడు వీధిలో చినుకులు. రెండు గంటలకు మంచం కింద నుంచి చప్పుడు వస్తే పిల్లి అనుకుని చేయి పెట్టాను, మోచేతి దాకా తడిసింది. చెప్పులు ఈదుతున్నాయి. మా ఆవిడ పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు కుక్కర్‌లో పెట్టి మూత బిగించింది. ఆ తెలివి ఏ సైక్లోన్ షెల్టరులో నేర్పుతారో నాకు తెలీదు. మేడ మీదికి చేరాక, చీకట్లో ఆ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని బామ్మర్దికి ఫోన్ చేశాను. ఇలాంటి విషయాల్లో అనుభవం ఉన్నవాడు కదా.

"మునిగిపోయింది బామ్మర్దీ, ఇంట్లోకి నీళ్ళొచ్చేసినాయి" అన్నాను.

నిద్రమత్తులో కాసేపు ఏదో వెతికాడు, ఫోన్‌లో కాబోలు.

"ఏమీ లేదే బావా. బంగాళాఖాతం క్లియర్‌గా ఉంది. దీని పేరేంటి?"

"పేరు లేదు."

"పేరే లేనిదానికి అంత టెన్షన్ ఎందుకు బావా, పడుకో పొద్దున మాట్లాడదాం" అని పెట్టేశాడు.